ఏడో క్యాసెట్ రెండో వైపు

ఆడియో పుస్తకం పెట్టుకున్నాక ముప్పావు గంట దాటగానే నా కుడి చెయ్యి దానంతటదే లేస్తుంది. ఫోన్‌లో తిప్పడానికేమీ లేదని నాకూ తెలుసు, అయినా లేస్తుంది. చిన్నప్పుడు మూడేళ్లపాటు ఇంట్లో నా ఉద్యోగం అదే మరి, క్యాసెట్ తిప్పడం.

మా పెద్దమ్మ హిస్టరీ టీచర్. గ్లాకోమాతో చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, రిటైర్మెంట్‌కి ఇంకా చాలా ఏళ్లుండగానే పూర్తిగా పోయింది. పుస్తకం లేకపోతే తోచని మనిషి. మొదట్లో నేనే చదివి వినిపించేవాణ్ని, కానీ పదేళ్ల పిల్లాడి చదువు ఎలా ఉంటుంది, ఎప్పుడు పేజీ అయిపోతుందా ఎప్పుడు ఆడుకోవడానికి పోదామా అన్నట్టు ఉంటుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టి, "ఒరేయ్, నీకేమన్నా రైలు తప్పిపోతోందా?" అనేది. మళ్లీ ఆ వాక్యం మొదట్నుంచి చదవాలి. నాకు అర్థం కాకుండా చదివిన వాక్యాన్ని ఆవిడ ఇట్టే పట్టేసేది, ఎలా పట్టేదో అప్పట్లో నాకు పెద్ద మిస్టరీ. ఇప్పుడు నేనూ పట్టగలను. అర్థమై చదివేవాడు ముఖ్యమైన మాట దగ్గరికి రాకముందే దానికోసం చోటు చేస్తాడు, అర్థం కానివాడు అన్ని మాటల్నీ ఒకే ఎత్తులో పేర్చుకుంటూ పోతాడు.

తర్వాత ఎవరి ద్వారానో తెలిసి, చూపు లేనివాళ్ల కోసం వాలంటీర్లు పుస్తకాలు చదివి రికార్డ్ చేసే ఒక చోటు నుంచి క్యాసెట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. నా చదువు గొడవ వదిలింది, తిప్పుడు పని తగులుకుంది. ఆవిడ తిప్పుకోలేక కాదు, నాకంటే చకచకా తిప్పేది, కానీ నేను పక్కన కూర్చుని వినాలని ఆ పని నాకు అప్పగించిందని చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

అవన్నీ తొంభై నిమిషాల క్యాసెట్లు, వైపుకి నలభై అయిదు. ఎక్కువగా చరిత్ర, జీవిత చరిత్రలు. చదివేవాళ్లు పేర్లు చెప్పేవారు కాదు, అందుకని మేమే పెట్టుకున్నాం. ఒకాయనకి దగ్గు మాస్టారు అని పేరు. దగ్గు వస్తే దగ్గేవాడు, రికార్డర్ ఆపేవాడు కాదు. వెనకాల గోడ గడియారం టిక్కు టిక్కుమనేది, పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది, ఒక అధ్యాయమంతా జలుబు గొంతు. కానీ ఆయన చదువుతుంటే మాత్రం పెద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగి కూర్చునేది. పుస్తకంలో పేజీ అడుగున ఫుట్‌నోట్ వస్తే, "ఇక్కడ కింద చిన్న అక్షరాల్లో ఒక సంగతి రాశారు, చెప్పి మళ్లీ పైకొస్తాను" అనేవాడు. ఆ 'పైకొస్తాను' నాకు భలే ఇష్టం. పటం ఉంటే, "ఇక్కడొక మ్యాప్ వేశారండీ, ఎడమ చివర ఓడరేవు, అక్కణ్నుంచి గీత కిందికి దిగుతుంది" అని వర్ణించేవాడు. వైపు అయిపోయే ముందు "క్యాసెట్ తిప్పుకోండి" అనేవాడు, అప్పటికే నా వేలు బటన్ మీద ఉండేది.

ఇప్పుడు నేను వినే ఆడియో పుస్తకాల్లో, అంటే మంచి స్టూడియోలో, మంచి మైకుతో, డబ్బిచ్చి చదివించినవాటిలో, ఆ ఫుట్‌నోట్లను చాలావరకు ఎగ్గొట్టేస్తున్నారు. పట్టికలూ బొమ్మలూ కావాలంటే జతచేసిన పీడీఎఫ్ చూసుకోండి అంటారు. నడుస్తూ వింటున్న మనిషి పీడీఎఫ్ ఎక్కడ తెరుస్తాడు? అసలు ఈ సరుకు పుట్టిందే చూడలేనివాళ్ల కోసం కదా. ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన మరుసటేడే, 1878లో, దీన్ని దేనికి వాడొచ్చో ఎడిసన్ రాసిన జాబితాలో అంధులకు వినిపించే పుస్తకాలు ఉన్నాయి. 1934 నాటికి అమెరికాలో చూపు లేనివాళ్లకి మాట్లాడే పుస్తకాలు పెద్ద గ్రామఫోన్ రికార్డుల మీద వెళ్లేవి, ఒక్కో వైపు పావుగంట మాత్రమే. మరుసటేడు బ్రిటన్‌లోనూ మొదలైంది, అక్కడ మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికులు కూడా ఆ శ్రోతల్లో ఉన్నారు. పావుగంటకోసారి లేచి రికార్డు తిప్పాలంటే ఒక లావుపాటి చరిత్ర పుస్తకానికి ఎన్నిసార్లు లేవాలో లెక్కేసుకుంటే, నలభై అయిదు నిమిషాల క్యాసెట్ మీద నేను విసుక్కున్నందుకు సిగ్గేస్తుంది.

కారులో ఆఫీసుకి వెళ్తూ వినడం తర్వాత వచ్చిన అలవాటు. 1975లో అమెరికాలో డువాల్ హెక్ట్ అనే ఆయన, పడవ పందెంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మనిషి, రోజూ గంటల తరబడి కారులో పోతూ రేడియోతో విసిగిపోయి పుస్తకాల క్యాసెట్లు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడు. ఆయన గొప్పదనం ఏంటంటే పుస్తకాన్ని కోయలేదు, ఉన్నది ఉన్నట్టు మొత్తం చదివించాడు. అప్పట్లో చాలామంది మూడు గంటల్లో సరిపెట్టేయడానికి పుస్తకాన్ని ఎడాపెడా కత్తిరించి అమ్మేవారు. అలాంటివి నేనూ ఒకటి రెండు విన్నాను. కథల పుస్తకమైతే అతుకులు తెలుస్తాయి, ఎవడో పాత్ర హఠాత్తుగా మాయమవుతాడు. చరిత్రో సైన్సో అయితే అదీ తెలీదు. వాదన మిగులుతుంది, దాని ఆధారం పోతుంది, మనం తలూపేస్తాం. నా మటుకు కోసిన నాన్‌ఫిక్షన్ వినడం కంటే ఊరుకోవడం మేలు.

సరే, రచయితలే తమ పుస్తకాన్ని చదవాలా అని ఫ్రెండ్స్‌తో ఎప్పుడూ వాదన వస్తుంది. ఆత్మకథ అయితే చదవాల్సిందే, గొంతు బాగోకపోయినా సరే. తన తండ్రి చనిపోయిన పేజీని ఇంకొకరి చక్కని గొంతులో వినడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఒబామా తన పుస్తకాలు తానే చదివి 2006లో ఒకటి, 2008లో ఒకటి, రెండు గ్రామీలు పట్టుకెళ్లాడు, ఆయనకి ఉపన్యాసం అలవాటు కాబట్టి చెల్లింది. కానీ ఇరవై ఏళ్లు లైబ్రరీలో కూర్చుని పరిశోధించిన ప్రొఫెసర్ గారు మైకు ముందు కూర్చుంటే చాలాసార్లు హాజరు పట్టీ చదివినట్టే ఉంటుంది. విషయం ఆయనకు అర్థం కాక కాదు, మరీ ఎక్కువ అర్థమైపోయి. తనకి ఏనాడో పాతబడిపోయిన ఆశ్చర్యాన్ని మనకి కొత్తగా అందించాలని తోచదు పాపం. అలాంటిచోట బయటివాడు, అదే మొదటిసారి తెలుసుకుంటున్నవాడు చదివితేనే బాగుంటుంది. దగ్గు మాస్టారు అలాంటివాడే. ఒకసారి ఏదో అంకె చదివి, ఆగి, "అంతేనా" అని తనలో తాను అనుకుని, మళ్లీ అదే అంకె చదివాడు. మాకు ఇద్దరికీ నవ్వొచ్చింది. పెద్దమ్మకి ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కంటితో చదివేటప్పుడు ఆరంకెల సంఖ్య వస్తే ఎవరూ చదవరు, 'చాలా ఎక్కువ' అనుకుని దాటిపోతారు. చెవికి ఆ వెసులుబాటు లేదు, లక్షా నలభై ఎనిమిది వేల మూడు వందల ఇరవై ఆరు అని పూర్తిగా వినాల్సిందే, అలాంటివి ఒకే వాక్యంలో నాలుగొస్తే మొదటిది ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. మంచి రీడర్ ఇక్కడే తెలిసిపోతాడు. రెండో అంకె ముందు అర క్షణం ఆగి, గొంతు తగ్గించి, 'దీంతో పోల్చి చూడు' అన్నట్టు చదువుతాడు. ఒక్క ముక్క కూడా కలపడు, కానీ లెక్క మనకి అందుతుంది.

నాకు అస్సలు గిట్టనిది ట్రైలర్ గొంతు. వర్షపాతం గురించి చెబుతున్నా ప్రపంచం మునిగిపోతోందన్నట్టు చదివేవాళ్లు. ఇంకో రకం ఉన్నారు, పుస్తకంలో ఎవరి మాటలైనా కోట్ చేస్తే వాళ్ల యాసలో అనుకరిస్తారు, ఫ్రెంచివాడైతే ఫ్రెంచి యాస, ముసలివాడైతే వణుకు. ఇది నాటకం కాదు నాయనా, ఉత్తరంలోంచి తీసిన వాక్యం. కొటేషన్ మొదలైందని తెలియడానికి చిన్న విరామం, కాస్త మెత్తబడిన గొంతు చాలు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య సంగీతం గురించి నేనేమీ అనను, దాన్ని దాటించే బటన్ ఉంది.

ఊపిరి గొడవ ఇంకోటి. రికార్డింగ్ చేసేవాళ్లు నోటి చప్పుళ్లు రాకుండా పచ్చ యాపిల్ ముక్క కొరుకుతారట, ఆ పుల్లదనానికి నోటి జిగట తగ్గి టిక్ టిక్ శబ్దం రాదు. మంచిదే. కానీ ఆ తర్వాత ఎడిటింగ్‌లో ఊపిరిని కూడా తీసేస్తే గొంతు మనిషిది కాకుండా పోతుంది. పొడుగు వాక్యం ముందు రీడర్ ఊపిరి పీల్చుకుంటే నాకు అది సూచన, 'పెద్దది వస్తోంది, సిద్ధంగా ఉండు' అని. మన తెలుగులో ఇది ఇంకా అవసరం. క్రియ ఎక్కడో చివర్న ఉంటుంది కదా, కర్త బయల్దేరి, వాడి ఊరూ పేరూ కారణాలూ అన్నీ మోసుకుంటూ నాలుగు లైన్లు నడిచి, చివరికి 'వెళ్లలేదు' అంటాడు. ఆ 'లేదు' దాకా వినేవాడి చెయ్యి వదలకుండా పట్టుకెళ్లాలి. మధ్యలో తప్పుచోట ఊపిరి తీస్తే అక్కడికి వాక్యం అయిపోయిందనుకుని మనం దిగిపోతాం.

వేగం విషయంలో నేను పాతకాలం వాణ్ని, ఒకటింపావు దాటను. చిన్నప్పుడు ప్లేయర్లో ఏదో మీట నొక్కితే దగ్గు మాస్టారు ఉడతలా కీచుమనేవాడు, టేపు వేగం పెరిగితే గొంతు కూడా పైకెక్కేది మరి. ఇప్పుడు గొంతు స్థాయి మారకుండా మధ్యలో సన్నని ముక్కలు మాయం చేసి వేగం పెంచుతున్నారు, వినడానికి బాగానే ఉంటుంది, కానీ ముందు మాయమయ్యేవి ఆ విరామాలే అని నా అనుమానం.

ఇంతకీ ఏడో క్యాసెట్.

సముద్రయానాల చరిత్ర, పన్నెండు క్యాసెట్ల పుస్తకం, చదివింది దగ్గు మాస్టారే. ఏడో క్యాసెట్ మొదటి వైపు మాజెలాన్ అనే పోర్చుగీసు నావికుడి ప్రయాణం. ఆయన పేరు మాజెలానో మెగల్లానో నాకు తెలీదు, పోర్చుగీసులో ఇంకేదో పలుకుతారట, కానీ మాస్టారు మొదట ఏమన్నాడో చివరిదాకా అదే అన్నాడు, నాకు కావాల్సింది అంతే. ఒకే మనిషిని మూడు రకాలుగా పలికితే నేను ముగ్గురు మనుషులనుకుంటాను. 1519లో అయిదు ఓడలు, దాదాపు 270 మంది. ఒక ఓడ బద్దలైంది, ఒకటి చెప్పకుండా వెనక్కి పారిపోయింది, మిగిలిన మూడూ 1520 నవంబర్ 28న జలసంధి దాటి, అంతకుముందు యూరప్ ఓడ ఏదీ దాటని మహాసముద్రంలోకి వచ్చాయి. "క్యాసెట్ తిప్పుకోండి."

తిప్పాను. ప్లే నొక్కాను. రెండు మాటలు వినిపించాయి, ఆ తర్వాత గొంతు నీళ్లలో మునిగినట్టయింది, ప్లేయర్ టేపుని మింగేసింది. నేను ఆపి మెల్లగా తీయాల్సింది, కంగారులో మూత తెరిచి లాగాను. ముడతలు పడిన గోధుమరంగు టేపు బయటికి వస్తూనే ఉంది, చివరికి తెగింది. నలభై అయిదు నిమిషాలంటే దాదాపు 130 మీటర్ల టేపు. పెన్సిల్ దూర్చి ఎంత చుట్టినా లోపలికి పోదే. పెద్దమ్మ పక్కగదిలోంచి "ఏమైందిరా?" అంది. "ఈ వైపు ఖాళీగా ఉంది పెద్దమ్మా, రికార్డ్ చేయలేదు," అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసులే, కానీ ఎలా చెప్పారో వినాలనుండె," అంది. ఎనిమిదోది పెట్టాను. అందులో డ్రేక్ అనే ఇంకో నావికుడు బయల్దేరాడు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏం జరిగిందో తెలిశాక ఇంక వినడం దేనికి? ఇప్పుడు నేను వినే పుస్తకాల్లో సగానికి సగం ముగింపులు నాకు ముందే తెలుసు, యుద్ధం ఎవరు గెలిచారో, టీకా పని చేసిందో లేదో. వాటిని వింటున్నది ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న జవాబు పెద్దమ్మదే. నేరం మాత్రం లోపలే ఉండిపోయింది. మాజెలాన్ భూమి చుట్టి క్షేమంగా ఇంటికొచ్చాడని చాలా ఏళ్లు నమ్ముతూ బతికాను, ఆవిణ్ని అడిగే ముఖం లేక.

పెద్దమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఫోన్ వాడుతుంది, స్క్రీన్ చదివే గొంతుతో. నేను మనిషి గొంతు, ఊపిరి, విరామం అని ఇంత రాశాను కదా, ఆవిడ వినేదంతా మెషీన్ గొంతే, అదీ నాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంలో. చూపు లేనివాళ్లు చాలామంది అంతే వింటారు, అలవాటైన చెవికి అది పరుగు కాదు, నడకే. నేనో ఖరీదైన ఆడియో పుస్తకం వినిపించి, ఎంత బాగా చదివాడో చూడు అంటే, "బాగానే ఉందిరా, ఎప్పటికి అయ్యేను?" అంటుంది. ఇప్పుడు అచ్చం మనుషుల్లా చదివే కృత్రిమ గొంతులు వచ్చాయి, 2023లో యాపిల్ కూడా అలాంటి గొంతులతో ఆడియో పుస్తకాలు మొదలుపెట్టింది. వెటకారాన్నీ విషాదాన్నీ ఒకే మర్యాదతో చదువుతాయని నా గొణుగుడు. ఆవిడకి ఆ గొణుగుడుతో పనిలేదు. ఎవరో చదివి పెట్టేదాకా ఎదురుచూడకుండా ఏ పుస్తకమైనా తన చేతిలో ఉంది, అది చాలు.

పోయిన ఏడాది ఆ సముద్రయానాల పుస్తకం పాత ప్రతి ఒకటి దొరికింది. మాజెలాన్ పేజీలు ఫోటోలు తీసి, ఫోన్ చేత అక్షరాలుగా మార్పించి, తప్పులు దిద్దుతూ నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. 'మ' అన్నచోట 'య', 'ఘ' అన్నచోట 'ఫు', 'ఘోరం' కాస్తా 'ఫుోరం' అయి కూర్చుంది. పంపించి, పక్కన కూర్చుని, ముందు నేరం ఒప్పుకున్నాను.

"ప్లేయర్ టేపు నమిలే చప్పుడు నాకు వినపడలేదనుకున్నావా," అంది, ఫోన్ వెతుక్కుంటూ.

మొదలుపెట్టింది. తేనెటీగల రొద. అందులోంచి నాకు 'పసిఫిక్' అని ఒకసారి, 'ఎలుకలు' అని ఒకసారి దొరికాయి. ఏంటి పెద్దమ్మా అంటే, "ఆగు, అయిపోనీ." నలభై అయిదు నిమిషాల వైపు పావుగంటలో దగ్గరపడింది. అప్పుడు ఏదో నొక్కి కొంచెం వెనక్కి వెళ్లి, నాకోసం వేగం తగ్గించింది. మెషీన్ ఆ వాక్యాన్ని పాల లెక్క చదివినట్టు చదివింది, 1522 సెప్టెంబర్‌లో ఒకే ఒక్క ఓడ తిరిగి వచ్చిందనీ, మాజెలాన్ దారిలోనే యుద్ధంలో చనిపోయాడనీ, ఆ ఓడలోంచి దిగింది పద్దెనిమిది మందనీ.

"ఈ పద్దెనిమిది ముందు ఆయనైతే ఆగేవాడు కదరా," అంది పెద్దమ్మ.

మళ్లీ వేగం పెంచుకుంది.